ముసలితనానికి మూడున్నర గంటలు ఎక్కువట!

అమెరికాలోని నర్సింగ్ హోమ్ యాజమాన్యాల వారికి ముందుగా అభినందనలు. గెలిచారు. అదీ ఆషామాషీగా గెలవలేదు. ఒకే శత్రువును టెక్సాస్ కోర్టులో ఒకసారి, అయోవా కోర్టులో ఒకసారి, వాషింగ్టన్‌లో కాంగ్రెస్ చేత ఒకసారి, ఆఖరికి వాణ్ణి కన్న ఆఫీసు చేతే ఒకసారి చంపించారు. చచ్చినవాణ్ణి నాలుగుసార్లు చంపించాల్సి వచ్చిందంటే వాడెంత భయంకరుడై ఉంటాడో అని ఇక్కడి పాఠకులకు గుండె దడ పుట్టొచ్చు. వాడి పేరు మూడు పాయింట్ నాలుగు ఎనిమిది.

అవును, అంకె. మెడికేర్ (ముసలివాళ్ళకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ సీఎంఎస్, బైడెన్ హయాంలో, 2024 ఏప్రిల్‌లో ఒక నిబంధన తెచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ఉన్న మనిషి ఒక్కొక్కరికీ రోజుకు సగటున 3.48 గంటల నర్సింగ్ సేవ అందేటంత సిబ్బంది ఉండాలి. అందులో రిజిస్టర్డ్ నర్సు వంతు 33 నిమిషాలు. మంచం దగ్గర చాకిరీ చేసే నర్సింగ్ అసిస్టెంట్ వంతు 2.45 గంటలు. రిజిస్టర్డ్ నర్సు ఒకరు ఇరవై నాలుగ్గంటలూ భవనంలో ఉండాలి. పట్టుపరుపులు అడగలేదు, పాలరాతి నేల అడగలేదు. మనుషుల్ని అడిగారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

మన ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే కాన్పుకో, అపెండిసైటిస్ ఆపరేషన్‌కో వెళ్ళి నాలుగు రోజుల్లో ఇంటికొచ్చే చోటు. అమెరికాలో చాలామంది ఇంటికి రారు. లేవలేనివాళ్ళు, నడవలేనివాళ్ళు, కన్నబిడ్డ పేరు కూడా మరిచిపోయినవాళ్ళు ఆఖరి నెలలో, ఏళ్ళో గడిపేది అక్కడే. దేశం మొత్తమ్మీద అలాంటివి సుమారు 15 వేలు. వాటిలో ఉన్నది దాదాపు 12 లక్షల మంది. నూటికి డెబ్భైకి పైగా హోములు లాభం కోసం నడిచేవే. బిల్లు మాత్రం పదిమందిలో ఆరుగురి తరఫున మెడికెయిడ్, అంటే పేదల పేరు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు, కడుతుంది. ప్రజల సొమ్ముతో నడిచే ప్రైవేటు వ్యాపారమన్నమాట. ఇంతకన్నా హాయైన వ్యాపారం ఈ భూమ్మీద తక్కువ.

ఇక ఆ రాక్షసపు అంకెను కాస్త విప్పి చూద్దాం. ఇరవై నాలుగ్గంటలను 2.45తో భాగిస్తే దాదాపు పది. అంటే ఆ నిబంధన పొల్లుపోకుండా అమలైనా, పగలూ రాత్రీ కలిపి సగటున పదిమందికి ఒక అసిస్టెంట్. ‘అసాధ్యం, అన్యాయం, దేశం దివాలా’ అని మీరు గుండెలు బాదుకున్నది ఇందుకే.

పదిమందికి ఒకరు ఎలా ఉంటుందో పాఠకులు చూడాలి. పొద్దున్న ఆరున్నర అనుకోండి. మొదటి గదిలో పెద్దావిడ డైపర్ రాత్రి ఎప్పుడో తడిసింది. విప్పాలి, తుడవాలి, క్రీము రాయాలి, కొత్తది కట్టాలి, దుప్పటి మార్చాలి. అన్నిటికీ ఆవిణ్ణి ఒక పక్కకి దొర్లించి ఒక చేత్తో పట్టుకునే ఉండాలి. రెండో గదిలో ఆయనకు పక్షవాతం. మంచం మీంచి కుర్చీలోకి దించాలంటే లిఫ్టు యంత్రం కావాలి, యంత్రానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ రెండో మనిషి పక్క వరండాలో ఇంకో పదిమందితో తలమునకలై ఉంది. మూడో గదిలో ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని మింగడం మరిచిపోతుంది. స్పూనుకీ స్పూనుకీ మధ్య ఆగి, గొంతు కదిలిందో లేదో చూసి, మళ్ళీ పెట్టాలి. ఈలోపు నాలుగో గది తలుపు మీద పిలుపు దీపం వెలిగింది. ఆయన బాత్రూముకు వెళ్ళాలి. పది నిమిషాలు ఆగాడు, ఇరవై నిమిషాలు ఆగాడు. పక్క తడుపుకోవడం నామోషీ అనిపించి తనే లేచాడు. పడ్డాడు. తుంటి విరిగింది. ఫైల్లో మాత్రం తప్పు ఆయనదే అవుతుంది: సిబ్బంది సాయం లేకుండా లేచాడు అని. ఐదో గదిలో మనిషి అసలేమీ అడగడు, అడగలేడు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే నడుం కింద చర్మం ముందు ఎర్రబడుతుంది, ఆపైన చితుకుతుంది, ఆపైన ఎముక దాకా పుండు పడుతుంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అని సామెత. పాపం కాకిని అనవసరంగా ఆడిపోసుకుంటాం గానీ, అది మూడు నెలలకోసారి లాభాల ఫలితాలు ప్రకటించుకోదు.

ఇంకా ఐదు గదులు మిగిలే ఉన్నాయి. టైము ఎనిమిదయింది.

ఇప్పుడు మీ వాదనల అందం చూడాలి. ఈ నిబంధన వస్తే నూటికి 79 హోములు కొత్తగా మనుషుల్ని పెట్టుకోవాల్సి వస్తుందని సీఎంఎస్ తనే లెక్క తేల్చింది. మామూలు బుర్రకు దీని అర్థం ఐదు చోట్లలో నాలుగు చోట్ల చాలినంత మంది లేరని. మీ లాయర్ల బుర్రకు మాత్రం ఐదింట నాలుగు చోట్ల లేదు గనక నిబంధనే తప్పు. ఐదుగురిలో నలుగురు హెల్మెట్ పెట్టుకోని రోడ్డు మీద కొట్టెయ్యాల్సింది హెల్మెట్ చట్టాన్నే అన్నమాట. ఇంత సులువు మా ట్రాఫిక్ పోలీసులకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

‘మేం పెట్టుకోమంటున్నామా? మనుషులు దొరకడం లేదు’ అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. గంటకు 18, 19 డాలర్ల దగ్గర మలమూత్రాలెత్తించి, నడుములు విరిగేలా మనుషుల్ని మోయించి, ఒక్కరి మీద ముగ్గురి పని పడేస్తే ఎవరు నిలుస్తారు? 2017, 18 నాటి జీతాల రికార్డులు తిరగేసిన పరిశోధకులు నర్సింగ్ హోముల్లో ఏడాదికి మనుషులు మారిపోయే రేటు సగటున 128 శాతమని తేల్చారు. అంటే వచ్చినవాళ్ళంతా పోయి, వాళ్ళ బదులు వచ్చినవాళ్ళలోనూ కొందరు పోయారన్నమాట. మీ దగ్గరికి మనుషులు రాకపోవడమే ఉంటే అంతమంది పోవడం ఎలా కుదిరింది? వస్తున్నారు, చూస్తున్నారు, దణ్ణం పెట్టి వెళ్ళిపోతున్నారు. పోనీ ఉన్నవాళ్ళనైనా ఉండనిస్తున్నారా? ఆ చాకిరీ చేసేవాళ్ళలో హైతీ, ఫిలిప్పీన్స్, పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో. హైతీ వాళ్ళకిచ్చిన తాత్కాలిక రక్షణను ఎత్తేస్తున్నామని 2025లో ట్రంప్ ప్రభుత్వం ప్రకటించింది. ఒక చేత్తో ‘మనుషుల్లేరు కాబట్టి నిబంధన వద్దు’ అని సంతకం, ఇంకో చేత్తో ‘ఈ మనుషులు మాకొద్దు’ అని సంతకం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

‘మనుషులు దొరికినా డబ్బులేవి?’ అన్నారు. ఈ నిబంధనకు పదేళ్ళలో 4,300 కోట్ల డాలర్లవుతుందని సీఎంఎస్ అంచనా. వింటే కళ్ళు తిరుగుతాయి. 12 లక్షల మందికి, పదేళ్ళకు పంచి చూడండి: మనిషికి రోజుకు సగటున పది డాలర్లు. ఇద్దరు పంచుకునే గదికే ఏడాదికి లక్ష డాలర్లు దాటే దేశంలో, ఆ పది డాలర్ల దగ్గర ధర్మసంకటం వచ్చింది.

డబ్బు లేదని ఎవరన్నారు? దాని దారి వేరు, అంతే. నర్సింగ్ హోమ్ ఒక కంపెనీ. అది ఉన్న భవనం రెండో కంపెనీది. మేనేజ్‌మెంట్ ఫీజు పుచ్చుకునేది మూడో కంపెనీ. మందులో, ఫిజియోథెరపీయో, అద్దె నర్సులో సరఫరా చేసేది నాలుగోది. నాలుగింటికీ యజమాని ఒకడే, లేదా వాడి బావమరిది. ఎడం జేబులోంచి కుడి జేబులోకి మార్కెట్ ధర కన్నా ఎక్కువ అద్దె కట్టుకుంటాడు. దాంతో మొదటి కంపెనీ ఎప్పుడు చూసినా నష్టాల్లోనే ఉంటుంది. ఆ నష్టాల చిట్టా పట్టుకుని ‘మెడికెయిడ్ రేట్లు పెంచండి, చచ్చిపోతున్నాం’ అని రాష్ట్ర రాజధానికి వెళ్ళి ఏడుస్తాడు. ఇల్లినాయ్ రాష్ట్రం లెక్కలు తవ్విన అశ్విన్ గాంధీ, ఆండ్రూ ఒలెన్‌స్కీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2019లో అక్కడి నర్సింగ్ హోముల లాభాల్లో 63 శాతం ఇలా సొంత కంపెనీల చాటున దాక్కున్నదని 2024లో బయటపెట్టారు. మూడు రూపాయల లాభంలో దాదాపు రెండు రూపాయలు బుర్ఖా వేసుకుని తిరుగుతున్నాయన్నమాట.

ఇక ప్రైవేట్ ఈక్విటీ మహానుభావులు రంగంలోకి దిగిన చోట సంగతి చెప్పనక్కర్లేదు గానీ, పరిశోధకులు చెప్పారు కాబట్టి చెప్పాలి. వాళ్ళు కొన్న హోముల్లో కొద్దికాలానికి చేరే మెడికేర్ రోగుల మరణాల రేటు సుమారు 10 శాతం పెరిగిందని, తాము పరిశీలించిన పన్నెండేళ్ళ కాలంలో అది 20,150 అదనపు చావులకు సమానమని అతుల్ గుప్తా, సబ్రీనా హోవెల్ బృందం 2021లో లెక్క కట్టింది. శవాల మీద పేలాలేరుకోవడమని మా పెద్దలు తిట్టే తిట్టు ఒకటుంది. దానికి మీ వాళ్ళు ఎంబీఏ పెట్టారు.

న్యూజెర్సీ నుంచి నడిచిన ఒక గొలుసు సంస్థ యజమాని కథ అయితే ఇంకా ముచ్చటైనది. సిబ్బంది జీతాల్లోంచి పన్ను కోశాడు. కోసింది సర్కారుకు కట్టలేదు. బాకీ 3 కోట్ల 80 లక్షల డాలర్లు. తప్పు ఒప్పుకున్నాడు. 2025లో మూడేళ్ళ శిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. దీపం నొక్కి గంటసేపు ఎదురుచూసే నాలుగో గది పెద్దమనిషికి చెప్పండి, ఈ దేశంలో పిలిస్తే పలికేవాళ్ళు ఉన్నారని. ఎవరు పిలిచారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరి ఈ అంకె హఠాత్తుగా ఆకాశంలోంచి ఊడిపడిందా అంటే, లేదు. 1987లో రేగన్ సంతకంతో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం వచ్చింది. రిజిస్టర్డ్ నర్సు రోజుకు 8 గంటలు, వారానికి ఏడు రోజులూ ఉండాలన్నారు. ఎవరో ఒక లైసెన్సున్న నర్సు ఇరవై నాలుగ్గంటలూ ఉండాలన్నారు. మిగతా సిబ్బంది అక్కడి వాళ్ళ అవసరాలకు ‘తగినంత’ ఉండాలన్నారు. ఎంత తగినంత? అది మీ అంతరాత్మకు వదిలేశారు. అంతరాత్మ దగ్గర రిజిస్టరు ఉండదు, తనిఖీ ఉండదు, జరిమానా ఉండదు. 2001లో ప్రభుత్వమే చేయించిన అధ్యయనం, అక్కడ దీర్ఘకాలం ఉండేవాళ్ళకు రోజుకు 4.1 గంటల కన్నా తగ్గితే ఒంటికి హాని మొదలవుతుందని తేల్చింది. ఆ నివేదికను జాగ్రత్తగా బీరువాలో పెట్టి 23 ఏళ్ళు మగ్గబెట్టారు. మగ్గి మగ్గి 4.1 కాస్తా 3.48 అయి బయటికొచ్చింది. ఆ తరుగు కూడా మీకు చాల్లేదు.

2024 మే నెలలో మీ సంఘం, అమెరికన్ హెల్త్ కేర్ అసోసియేషన్, కోర్టుకెక్కింది. ఎక్కడో కాదు, టెక్సాస్‌లోని అమరిల్లోలో, ఎటువంటి తీర్పు వస్తుందో ముందే పందెం కాయగలిగిన న్యాయమూర్తి మాథ్యూ కాజ్‌మారిక్ ఉన్న చోట. 2025 ఏప్రిల్ 7న ఆయన కొట్టేశారు. చట్టం 8 గంటలన్నప్పుడు 24 అనడానికి మీరెవరు అని సీఎంఎస్‌ను నిలదీశారు. ఒక్కో హోములో ఉండేవాళ్ళ అవసరాలు ఒక్కోలా ఉంటాయి, అందరికీ ఒకే అంకె ఎలా కుదురుతుందనీ అన్నారు. నిజమే, అవసరాలు వేరు వేరు. కొందరికి ఐదు గంటలు కావాలి, కొందరికి ఆరు. అందుకని కనీసపు మూడున్నర కూడా ఉండకూడదు. దాహం ఒక్కొక్కరిది ఒక్కో రకం గనక కుళాయి కట్టెయ్యాలి. జూన్ 18న అయోవాలో న్యాయమూర్తి లెనార్డ్ స్ట్రాండ్ అదే పని మరోసారి చేశారు. అక్కడ వాది స్థానంలో ఏకంగా 20 రాష్ట్రాలు నిలబడ్డాయి. తమ రాష్ట్రపు ముసలివాళ్ళకు ఎక్కువమంది నర్సులు వద్దు మొర్రో అని రాష్ట్రాలే మొత్తుకోవడం రాజనీతి చరిత్రలో అపురూప ఘట్టం.

రెండు కోర్టులు కొట్టేశాక కూడా మీ నిద్రకు భంగమేనేమో అని కాంగ్రెస్ పూనుకుంది. 2025 జులై 4న, స్వాతంత్ర్య దినాన, ‘పెద్ద అందమైన’ బిల్లు మీద ట్రంప్ సంతకం పడింది. 2034 సెప్టెంబరు 30 దాకా ఆ నిబంధన జోలికి పోకూడదని అందులో రాశారు. ఆ రోజు ఎనభై ఐదేళ్ళున్న మనిషికి 2034 నాటికి తొంభై నాలుగొస్తాయి. అప్పటిదాకా పిలుపు దీపం నొక్కి పట్టుకుని ఓపిక పట్టమని చట్టసభ సలహా. పనిలో పనిగా అదే బిల్లుతో మెడికెయిడ్‌కు పదేళ్ళలో 90 వేల కోట్ల డాలర్ల పైచిలుకు కోత పెట్టారు. ‘మెడికెయిడ్ డబ్బులు చాలక నిబంధన వద్దన్నాం’ అన్నవాళ్ళకు ఇప్పుడు నిబంధనా లేదు, మెడికెయిడ్ డబ్బులూ లేవు. గెలుపంటే అలా ఉండాలి.

డిసెంబరులో సీఎంఎస్ తన చేతులతో తనే ఆ నిబంధనను రద్దు చేసి, గోతి మీద ఆఖరి తట్ట మట్టి వేసింది. నిబంధన అమలైతే ఏటా సుమారు 13 వేల ప్రాణాలు దక్కుతాయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా కట్టారు. ఆ 13 వేల మంది అదృష్టవంతులు. తాము ఆ లెక్కలో ఉన్నామని వాళ్ళకు తెలియదు, కేసు వెయ్యడానికి వాళ్ళు ఉండరు.

ఒకవేళ వాళ్ళవాళ్ళు కేసు వేద్దామనుకున్నా మీ దగ్గర కాగితం సిద్ధం. అమ్మను చేర్చే రోజు కూతురి ముందు కాగితాల కట్ట పెడతారు. అమ్మ స్ట్రెచర్ మీద ఉంటుంది, కూతురి కళ్ళలో నీళ్ళుంటాయి, ఎక్కడ పెడితే అక్కడ సంతకం చేస్తుంది. అందులో ఒక కాగితం, రేపు ఏం జరిగినా కోర్టుకు వెళ్ళం, మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటాం అని. 2016లో సీఎంఎస్ దీన్ని నిషేధించబోతే మీ సంఘమే కోర్టులో ఆపించింది. 2019లో వచ్చిన సవరణ, సంతకం పెడితేనే చేర్చుకుంటామని బలవంతపెట్టకూడదంది, కాగితాన్ని మాత్రం ఉండనిచ్చింది. ముసలివాళ్ళు కోర్టుకెక్కితే న్యాయవ్యవస్థ మీద భారం. మీరెక్కితే రాజ్యాంగ రక్షణ.

లెక్కలంటే మీకు పడదని కాదు. మీకు నచ్చిన లెక్కలు చాలా ఉన్నాయి. 2008 నుంచి హోటళ్ళలాగా నర్సింగ్ హోములకూ ఐదు నక్షత్రాల రేటింగు ఉంది. అందులో ఒక భాగం, మీ దగ్గర ఎంతమంది పడ్డారు, ఎంతమందికి పుళ్ళు పడ్డాయి అని మీరే నింపి పంపే వివరాలు. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు పిల్లవాడే రాసుకునే బడి. సిబ్బంది లెక్క కూడా 2016 దాకా అలాగే సాగింది. ఆ తర్వాత జీతాల పట్టీల్లోంచి తీసి పంపమనేసరికి, చెప్పుకున్నంత మంది చాలాచోట్ల లేరని, శని ఆదివారాలు మరీ పలచబడతారని బయటపడింది. ముసలివాళ్ళకు వారాంతాల్లో ఆకలి వెయ్యదు కాబోలు.

మందుల లెక్క దగ్గర చూపించిన తెలివికైతే చేతులెత్తి మొక్కాలి. మతిమరుపు ముదిరిన వాళ్ళు కొందరు అరుస్తారు, తిరుగుతారు, కొడతారు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే మనిషి ఉంటే చాలామంది తగ్గుతారు. మనిషి ఖరీదు, మాత్ర చవక. మత్తులో పడుకోబెట్టే యాంటీసైకోటిక్ మందులు మతిమరుపు ఉన్న వృద్ధుల ప్రాణానికి ముప్పని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే పెద్ద హెచ్చరిక పెట్టింది. ఎంతమందికి ఇస్తున్నారో ప్రకటించాలన్నారు. అయితే స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు మినహాయింపు. ఇంకేముంది, స్కిజోఫ్రీనియా వెల్లువెత్తింది. మామూలుగా నలభై ఏళ్ళలోపే బయటపడే జబ్బు ఎనభయ్యో ఏట, సరిగ్గా మీ గుమ్మం తొక్కాక పట్టుకోవడం మొదలుపెట్టింది. జనంలో 150 మందికి ఒకరిలో ఉండే జబ్బు నర్సింగ్ హోముల్లో తొమ్మిది మందికి ఒకరిలో ఉందని 2021లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తీసింది. 2023లో సీఎంఎస్ తనిఖీలు పెడతామన్నాక ఆ వెల్లువకు కారణం మెదడులో లేదని, చీటీలో ఉందని అందరికీ తెలిసొచ్చింది.

కోవిడ్ సంగతి కూడా ఒక మాట. దేశం మొత్తమ్మీద దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లో ఉండేవాళ్ళు, పనిచేసేవాళ్ళు కలిపి రెండు లక్షల మందికి పైగా పోయారు. ఆ రోజుల్లో మీ గేట్ల ముందు ‘ఇక్కడ పనిచేసేది వీరులు’ అని బ్యానర్లు కట్టారు. చాలా రాష్ట్రాల్లో అదే సమయాన మీ మీద కేసులు పడకుండా చట్టరక్షణ సంపాదించుకున్నారు. వీరులకు గుడ్డ బ్యానరు, యజమానికి చట్టం. ఆ వీరులే ఇప్పుడు పదిమందికి ఒకరు చొప్పున ఉండాలంటే, వాళ్ళు బరువైపోయారు.

మా తెలుగువాళ్ళు ఇదంతా చదివి, ‘అమెరికావాళ్ళకు అమ్మానాన్నల మీద ప్రేమ ఉండదండీ, మన సంస్కృతి వేరు’ అని టీ కప్పు కింద పెడతారు. పెట్టండి, ఇంకో గుక్క ఉంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయికి అమ్మను తీసుకెళ్ళాలనే ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద వెళ్ళిన ముసలితల్లికి అయిదేళ్ళు నిండకుండా మెడికెయిడ్ అందదు. అందుకని అమ్మ హైదరాబాదు ఫ్లాట్‌లోనే ఉంటుంది. ఏజెన్సీ నుంచి ఒకమ్మాయి వస్తుంది. బోర్డు మీద ‘24 గంటల డ్యూటీ’ అని ఉంటుంది. ముగ్గురు షిఫ్టుల్లో వస్తారనుకునేరు, ఒక్కతే. పగలు వంట, స్నానం, డైపరు, మందులు. రాత్రి మంచం పక్కన చాప. ఇచ్చే దాంట్లో ఏజెన్సీ వాటా పోగా ఆ పిల్ల చేతికి వచ్చేది ఎంతో ఇంటివాళ్ళు అడగరు. అబ్బాయి మాత్రం అక్కడ ఆఫీసు మీటింగు మధ్యలో ఫోన్లో కెమెరా తెరిచి చూస్తాడు. రాత్రి రెండింటికి ఆ పిల్ల కునుకు తీసిందని ఏజెన్సీకి వాయిస్ మెసేజ్ పెడతాడు. నర్సింగ్ హోమ్ యజమాని పదిమందికి ఒక మనిషి అంటే బేరమాడాడు. మన కొడుకు ఒక మనిషికి ఇరవై నాలుగ్గంటల మెలకువ బేరమాడాడు. సంస్కృతి వేరే గానీ, గణితం ఒక్కటే.

సర్కారు వారి సంగతా? తల్లిదండ్రుల పోషణకు 2007లో కేంద్రం చట్టం చేసింది. బిడ్డలు నెలకు చెల్లించాల్సిన భృతికి 10 వేల రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. జిల్లాకొకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం రాష్ట్రాలు పెట్టొచ్చని అందులో రాసింది. పెట్టి తీరాలని రాయలేదు. మన దగ్గర గరిష్ఠం ఇచ్చేవాళ్ళకే ఉంటుంది, కనిష్ఠం పుచ్చుకునేవాళ్ళకు ఉండదు. ఆ విద్యలో వాషింగ్టన్ మనకు శిష్యుడు.

కాబట్టి యాజమాన్యాల వారికి, మీ విజయాన్ని సంపూర్ణం చెయ్యడానికి ఒక చిన్న మనవి. అంకె అంటే మీకు గిట్టదని కోర్టుల్లో, చట్టసభలో రుజువు చేసుకున్నారు. అవసరాలు చోటుకొక రకంగా ఉంటాయి, వాషింగ్టన్‌లో కూర్చుని ఒకే సంఖ్య రుద్దకూడదు అన్నారు. ఒప్పుకున్నాం. ఆ సూత్రాన్ని మీ బిల్లులకూ వర్తింపజేద్దాం. ఇకమీదట మెడికెయిడ్ మీకు మనిషికి రోజుకు ఇన్ని డాలర్లని ఇవ్వదు. తగినంత ఇస్తుంది. మీ ఎడం జేబు కంపెనీ మీ కుడి జేబు కంపెనీకి తగినంత అద్దె కడుతుంది. ఎంత తగినంతో ప్రభుత్వ అంతరాత్మ చూసుకుంటుంది. కాదంటారా, కోర్టు అవసరం లేదు, మధ్యవర్తి ఉన్నాడు, కాగితం మీద సంతకం పెట్టండి. ఇంకా చాలదని మొండికేస్తే 2034 అక్టోబరులో మాట్లాడుకుందాం.

ఈలోపు మీ చేతిఖర్చుకు లోటు రానివ్వం. మెడికెయిడ్ మీద ఉన్న ముసలివాళ్ళ పెన్షను దాదాపు మొత్తం మీ హోముకే జమ అవుతుంది కదా. అందులోంచి సబ్బుకో, చాక్లెట్టుకో, మనవడికి పుట్టినరోజు కార్డు కొనడానికో వాళ్ళ చేతిలో ఉంచాల్సిన కనీస సొమ్మును కేంద్ర చట్టం 1988 నుంచి నెలకు 30 డాలర్ల దగ్గరే నిలబెట్టింది. చాలా రాష్ట్రాలు జాలిపడి కాస్త కలుపుతాయి. దేశంలో ఇన్ని ప్రభుత్వాలు మారినా, ధరలెంత పెరిగినా చెక్కు చెదరని కనీసపు అంకె అదొక్కటే. దాన్ని రద్దు చెయ్యమని మీరు ఏనాడూ కోర్టుకు వెళ్ళలేదు. అంటే అది మీకు సమ్మతమే. అదే ఇస్తాం, రసీదు మీద సంతకం పెట్టి పుచ్చుకోండి.